బావ చూపుడువేలు

మా సేఠ్ దగ్గర రెండు పిస్తోళ్ళు ఉండేవి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు, ఒకే నలుపు. తేడా అంతా ఎడమవైపు బొటనవేలికి అందే చిన్న లివర్‌లో ఉంది. ఒకదాంట్లో అది సేఫ్టీ. పైకి తోస్తే పిస్తోలుకు తాళం పడుతుంది, కిందికి దించితే పేలడానికి సిద్ధం. రెండోదాంట్లో అది డీకాకర్. తూటాను కొట్టే హ్యామర్ వెనక లేచి ఉన్నప్పుడు ఆ లివర్‌ను కిందికి నొక్కితే, హ్యామర్ తూటా పేలకుండా దిగి కూర్చుంటుంది. అంటే ఒకదాంట్లో లివర్ కిందికి ఉంటే ‘కానీ’ అని, ఇంకోదాంట్లో కిందికి నొక్కితే ‘ఇక చాలు’ అని. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నేను చెప్పబోయేదంతా అర్థమవుతుంది.

సేఫ్టీది నా దగ్గర ఉండేది, డీకాకర్‌ది మా బావ దగ్గర. బావంటే మా అక్క భర్త. ఇద్దరం ఫౌజులో, అంటే సైన్యంలో, చేసి రిటైరయ్యి, ఒకే సేఠ్ దగ్గర గన్‌మెన్లుగా చేరాం. సేఠ్‌కు సూరత్ రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ దుకాణం. లైసెన్సు ఆయనది, పిస్తోళ్ళు పట్టుకు తిరిగే మనుషులుగా మా పేర్లు దాని మీద ఎక్కించారు. నేను ఆయన కారులో వెంట ఉండేవాణ్ణి. బావ దుకాణం దగ్గర, ఆ మార్కెట్టు జనంలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడేవాడు.

మా నాన్నా, బావ నాన్నా సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికే సూరత్ వచ్చారు. మేం నవాగామ్‌లో పెరిగాం. చిన్నప్పటి నుంచి చెవుల్లో మగ్గాల రొద తప్ప మరొకటి లేదు. ఆ రొదలోంచి బయటపడిన వాళ్ళు మా గల్లీలో మేమిద్దరమే. ముందు బావ ఫౌజులో చేరాడు. సెలవుకు వచ్చినప్పుడు ఆయన బూట్లు చూసి నాకూ పిచ్చి పట్టింది. ఇప్పటికీ మా గల్లీలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ఫౌజీ మామే. నన్ను మాత్రం ఫౌజీ మామ బామ్మర్ది అంటారు. నాకు ముక్కు మీద కోపమనీ, మాట తూలుతాననీ అందరికీ తెలుసు. “పిస్తోలుకు సేఫ్టీ పెట్టిండ్రు గని నీ నోటికి పెట్టలేదురా తమ్మి” అంటుంది మా అక్క.

ట్రిగ్గర్ల గురించి మా ఇద్దరికీ వాదన తెగేది కాదు. షేర్ ఆటోలో అదే, అక్క ఇంట్లో కంచాల ముందు అదే. నా పిస్తోలు ట్రిగ్గర్ మెత్తన. వేలు కొంచెం లోపలికి తెస్తే ఒకచోట ఆగుతుంది. అక్కడి నుంచి వెంట్రుకవాసి ఒత్తితే చాలు, పడిపోతుంది. మొదటి తూటాకైనా, చివరి తూటాకైనా అంతే. బావదాంట్లో మొదటి దెబ్బ వేరు. హ్యామర్ దిగి ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ లాగుతూ ఉంటేనే అది వెనక్కి లేచి, చివరికి పడాలి. అది చాలా పొడుగు, చాలా బరువు. మొదటిది పేలాక రెండోది మళ్ళీ మెత్తన. ఒకే పిస్తోలుకు ఇద్దరు పెళ్ళాల కాపురంలా ఈ రెండు రకాల ట్రిగ్గర్ ఏంది బావా, మొదటిది బోరింగు కొట్టినట్టుంది అని వెక్కిరించేవాణ్ణి. ఆయన నవ్వి, “ఆ బరువే మంచిదిరా. తొందరపడి నొక్కెటోనికి జర ఇగురం నేర్పుతది” అనేవాడు.

రోజూ సాయంత్రం రెండు పిస్తోళ్ళూ దుకాణం తిజోరీలో పెట్టి ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు పొద్దున చేతులు మారాయి. నాది బావ తీసుకున్నాడు, ఆయనది నేను. మధ్యాహ్నం భోజనం దగ్గర నేనే చూసి మార్చాను. అదృష్టం బాగుండి ఆ పూట ఎవరూ పిస్తోలు బయటికి తీయాల్సిన పని పడలేదు. సేఠ్‌కు తెలిసి చెమటలు పట్టాయి. ఆయన భయపడితే అరవడు, ఇంకా మెల్లగా మాట్లాడతాడు. ఇకనుంచి ఇద్దరి దగ్గరా ఒకే రకం ఉండాలన్నాడు. షూటింగ్ రేంజికి వెళ్ళి ఇద్దరూ రెండూ కాల్చి చూడండి, ఏది మంచిదో మీరే చెప్పండి, రెండోదాన్ని అమ్మేసి అదే రకం ఇంకోటి కొంటాను అన్నాడు. న్యాయమైన మాటే.

అప్పుడే ఆయన బావను అడిగాడు, ఆ పూట నీ నడుముకున్నది నీది కాదని చేతికి తెలియలేదా, దాని ట్రిగ్గర్ ఎలా ఉంటుందో ఎరుగుదువా అని. బావ తడుముకోకుండా, వేలు కొంచెం లోపలికి తెస్తే ఒకచోట ఆగుతుంది సేఠ్, అక్కడి నుంచి వెంట్రుకవాసి చాలు అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా నా మాటలే. నాకు ఛాతీ ఉబ్బింది. నన్ను వాదనలో ఎన్నడూ ఒప్పుకోని మనిషి సేఠ్ ముందు నా మాట వాడుకున్నాడని సంబరపడ్డాను.

రేంజి అమ్రోలి దాటాక ఊరి బయట ఉంది. ఆదివారం పొద్దున వెళ్ళాం. నేను ముందు రెండూ కాల్చాను. నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. తర్వాత బావ తన డీకాకర్‌ది తీసుకున్నాడు. ఆయన ఫౌజులో మంచి గురికాడు, మెడల్ కూడా ఉంది. అలాంటి మనిషి తూటాలు కాగితం నిండా చెల్లాచెదురుగా పడ్డాయి. కళ్ళద్దాలు మార్చాలేమో అనుకుని పక్కకు జరిగి ఆయన మొహం చూశాను. ఆయన చూపు గురి మీద లేదు. చేతిలోని పిస్తోలు వెనకవైపు, హ్యామర్ మీద ఉంది. ప్రతి తూటా తర్వాత లివర్ నొక్కి దాన్ని దింపుకుని, మళ్ళీ లేస్తుంటే చూస్తున్నాడు. ఇదేం పద్ధతిరా బాబూ అనుకున్నాను గానీ, పెద్దవాడు కదా అని నోరు మెదపలేదు.

తర్వాత నాది ఇచ్చాను. రెండు కాల్చాడో లేదో, కాగితాలు మార్చడానికి మనిషి వెళ్తున్నాడు ఆపండి అని రేంజివాడు కేకేశాడు. బావ ఆగాడు. బొటనవేలితో లివర్‌ను కిందికి నొక్కాడు, ఇన్నేళ్ళ అలవాటు. డీకాకర్ అయితే అప్పుడు హ్యామర్ దిగిపోయేది. కానీ అది నా పిస్తోలు. కాలుస్తున్నప్పుడు దాని లివర్ అప్పటికే కింద ఉంటుంది, ఇంకా నొక్కినా కదలదు. బొటనవేలికి తెలివి ఉన్న ఎవడికైనా, ఇదేంది కదల్లేదు అని తెలియాలి. ఆయనకు తెలియలేదు. పిస్తోలు సురక్షితంగా ఉందనుకుని, ఏదో చెప్పబోతూ నావైపు తిరిగాడు.

హ్యామర్ లేచే ఉంది. లోపల తూటా ఉంది. గొట్టం నా కడుపు వైపు ఉంది. ఆయన చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఉంది.

ఎలా అందుకున్నానో తెలియదు, ఆయన మణికట్టు పట్టి పక్కకు తోసి, పిస్తోలు లాక్కుని తూటా తీసేశాను. ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. ఫౌజులో కొత్త జవాన్లను కూడా అనని మాటలన్నాను. బావ మొహం మాడ్చుకుని, లివర్ నొక్కాను కదరా, వేలు కూడా ట్రిగ్గర్ బయటే పెట్టుకున్నాను కదరా అన్నాడు. అబద్ధమాడుతున్నాడని నా ఒళ్ళు మండింది. ఖాళీ పిస్తోలు మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, ఏదీ, బయట పెట్టు చూద్దాం అన్నాను. పెట్టాడు. కళ్ళు గురి కాగితం వైపే ఉంచి, వేలు పక్కన చాచుకున్నాననే అనుకుంటూ, నిజానికి మెల్లగా లోపలికి వంచాడు. అప్పుడు కిందికి చూసుకున్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. పిస్తోలు మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. “నాకు చెయ్యి తెలుస్తలేదురా” అన్నాడు బావ. కిందటి ఏడాది వానల నుంచీ ఇదే సంగతట. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. మెడలో ఎముక నరాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చెయ్యాలి, చేసినా స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేనని చెప్పాడట. అక్కకు మెడనొప్పి అని మాత్రమే చెప్పుకున్నాడు. బొత్తాలు పెట్టుకోలేక ఇంట్లో టీషర్టులు తొడుక్కుంటున్నాడు. యూనిఫారం చొక్కా బొత్తాలు విప్పకుండా తల మీంచి తీసి, అలాగే వేసుకుంటున్నాడు.

ట్రిగ్గర్ల గురించి నాతో అంతంత సేపు ఎందుకు వాదించేవాడో అప్పుడు తెలిసింది. నేను రెచ్చిపోయి ఎలా ఉంటుందో చెప్తుంటే విని, గుర్తు పెట్టుకునేవాడు. ఆయనకు ఏ ట్రిగ్గరైనా ఒకటే. డీకాకర్ ఎందుకు కావాలంటే, దాని మొదటి దెబ్బకు హ్యామర్ కళ్ళ ముందు మెల్లగా లేస్తుంది, వేలు ఎంతవరకు వచ్చిందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. నా పిస్తోలులో హ్యామర్ ముందే లేచి ఉంటుంది. చూసుకోవడానికి ఏమీ ఉండదు.

“ఒక్క మాట జెప్పురా. డీకాకరే మంచిదని సేఠ్‌కు జెప్పు. నీ మాట తీసెయ్యడు” అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ అడగలేదు.

నేను అడిగాను, “ఎవడన్న ఎదురుంగ వస్తే వాన్ని చూస్తవా బావా, హ్యామర్ చూస్తవా?”

ఎవరొస్తారురా, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తియ్యాల్సి వచ్చిందా, ఊరికే నిలబడే కొలువే కదా అన్నాడు. అది నిజమే. అందుకే నాకు ఇంకా కష్టమైంది. పిస్తోలు లేకపోతే ఈ వయసులో నేనెవణ్ణిరా, మళ్ళీ మగ్గం కాడికి పొమ్మంటావా అని కూడా అన్నాడు. రేపు సేఠ్‌కు నువ్వే చెప్పు బావా, నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను అని లేచాను.

ఆ రాత్రి మార్కెట్టే కళ్ళముందు తిరిగింది. మార్కెట్టులో మధ్యాహ్నం పూట ఎలా ఉంటుందో సూరత్‌లో ఎవరినైనా అడగండి. లిఫ్టు దగ్గర బేళ్ళు మోసే హమాలీలు, బేరానికొచ్చిన ఆడవాళ్ళు, టీ తెచ్చేవాళ్ళు, అందరూ ఒకరినొకరు ఒరుసుకునే నడవాలి. వాళ్ళ మధ్య మా బావ, తన వేలు ఎక్కడుందో తెలియని బావ, నడుముకు పిస్తోలుతో నిలబడి ఉంటాడు. చెప్పకుండా ఊరుకుంటే ఏమీ జరగకపోవచ్చు. జరిగితే మాత్రం ఆ పాపం నాది కూడా. చెప్తే అక్క సంసారం, బావ పరువు పోతాయి. ఎటు తిప్పి ఆలోచించినా నాకు దారి దొరకలేదు, పైగా బావ మీద పిచ్చి కోపం వచ్చింది. ఏడాదిగా పక్కన కూర్చుని పప్పన్నం తింటూ నా దగ్గరే దాచాడు కదా అని.

మర్నాడు సేఠ్ గదిలో ఇద్దరం నిలబడ్డాం. రెండు పిస్తోళ్ళూ బల్ల మీద ఉన్నాయి. సేఠ్ ముందు బావనే అడిగాడు. బావ గొంతు సవరించుకుని, డీకాకరే మంచిది సేఠ్ అన్నాడు. నాదాని ట్రిగ్గర్ వెంట్రుకవాసికే పడిపోతుందనీ, మార్కెట్టులో అది ప్రమాదమనీ చెప్పాడు. మళ్ళీ నా మాటలే. ఎంత బాగా చెప్పాడంటే, చేతి సంగతి తెలియకపోతే నేనే ఒప్పుకునేవాణ్ణి. సేఠ్ తల ఊపి నావైపు తిరిగాడు. ఔనంటే అయిపోయేది. బావ నన్ను చూడలేదు, గోడ మీది దేవుడి పటం వైపు చూస్తున్నాడు.

“ట్రిగ్గర్ సంగతి తర్వాత సేఠ్” అన్నాను హిందీలో. “మా బావ కుడిచేతికి స్పర్శ లేదు. ఆయనకు ఏ పిస్తోలూ ఇవ్వకండి.”

సేఠ్ నిజమేనా అని అడిగాడు. బావ నిజమే అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సేఠ్ రెండు పిస్తోళ్ళూ సొరుగులో పెట్టి, వైద్యం చేయించుకో భాయ్, అంతవరకు గోదాములో బేళ్ళు ఎక్కించేచోట మనిషి కావాలి, అక్కడ చూసుకో అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. బావ నడుముకున్న ఖాళీ పిస్తోలు సంచి విప్పి బల్ల మీద పెట్టాడు. బకిల్ ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. సాయం చేద్దామని చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రమే అక్క మా ఇంటికి వచ్చింది. పక్క గల్లీయే. చీరలకు రాళ్ళు అతికించే పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, వేళ్ళకు ఇంకా జిగురు ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఇంట్ల జెప్తే అయిపోవు గద. సేఠ్ ముంగటనే పరువు తియ్యాల్నా? నీ అక్క మొగన్ని నువ్వే పట్టిచ్చినవు గదరా” అంది.

రేంజిలో జరిగింది ఒక్క ముక్క చెప్తే అక్క కోపం అక్కడికక్కడే దిగిపోయేది. నోటిదాకా వచ్చింది. నోటికి సేఫ్టీ లేదని పేరు పడ్డ నేను ఆరోజు మాత్రం మింగేశాను. అక్క వెళ్ళిపోయింది. తర్వాత బతుకమ్మకు మా ఆవిణ్ణి పిలిచింది గానీ నన్ను గడప తొక్కమనలేదు. బావ కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, ఆఖరికి గోదాముకు వెళ్ళడం మొదలుపెట్టాడు. దారిలో ఎదురైతే తల తిప్పుకుని పోయేవాడు. ఆపరేషన్ మాట ఎత్తనివ్వడం లేదని మా ఆవిడ చెప్పింది. సేఠ్ డీకాకర్‌ది అమ్మేశాడు. నాది నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున దాన్ని నడుముకు పెట్టుకుంటుంటే ఏదో దొంగసొత్తు తొడుక్కున్నట్టు ఒళ్ళు ముడుచుకుపోయేది.

దసరా వచ్చింది. దుకాణంలో ఏటా ఆయుధ పూజ చేస్తారు. తెల్లగుడ్డ మీద కత్తెరలు, గజం బద్ద, తిజోరీ తాళాలు, వాటి పక్కన నా పిస్తోలు పెట్టి కుంకుమ, బంతిపూలు వేస్తారు. పెట్టేముందు ఖాళీ చేసి, ఖాళీగా ఉందని మళ్ళీ చూశాను. సేఠ్ గోదాము వాళ్ళను కూడా పిలిచాడు. బావ వచ్చాడు. హారతి అయ్యేదాకా వెనకే నిలబడ్డాడు. అందరూ ప్రసాదాల కోసం పక్క గదిలోకి వెళ్ళాక, నేను పిస్తోలు తీసుకోవడానికి వంగితే పక్కన ఆయన ఉన్నాడు.

“ఖాళీనేనా?” అన్నాడు. ఆ రోజు సేఠ్ గదిలోంచి బయటపడ్డాక నాతో అన్న మొదటి మాట అది.

పిస్తోలు పైనున్న స్లైడు వెనక్కి లాగి లోపల చూపించాను. ఆయన చెయ్యి చాచాడు. ఎడమచెయ్యి. పిస్తోలు పట్టుకుని, గోడవైపు తిప్పి, ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు. ఆ చేతికి అన్నీ తెలుస్తాయి. వేలు కొంచెం లోపలికి వచ్చింది, ఒకచోట ఆగింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇంకేమీ బలం పెట్టినట్టు కనబడలేదు, హ్యామర్ టక్కున పడింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. అంత గురికాడు, ఖాళీ పిస్తోలు చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు.

“గింతనా?” అన్నాడు. “గింత అలకగనా?”

“గంతే బావా.”

ఆ వేలు చూసుకున్నాడు. నా మాటలు ఏడాదిపాటు విని సేఠ్‌కు అప్పజెప్పిన మనిషి, వాటి అర్థం ఏమిటో అప్పుడు తెలుసుకున్నాడు.

“ఆనాడు నీ కడుపు దిక్కే ఉండె గద?”

“ఉండె.”

“నా వేలు దీని మీదనే ఉండె.”

నేను తల ఊపాను. ఆయన పిస్తోలు రెండు చేతులతో తెల్లగుడ్డ మీద పెట్టాడు. పక్క గదిలోంచి సేఠ్ పిలుస్తున్నాడు.

“మీ అక్కకు జెప్పినవా?”

“లేదు.”

“అది నిన్ను అన్ని మాటలనె. గడప తొక్కనియ్యకపాయె. ఎందుకు జెప్పలేదురా?”

“జెప్తే అక్క మల్ల నీ మొకం చూస్తదా బావా?”

ఆయన ఎడమచేతికి అంటిన కుంకుమను చొక్కాకు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు.